అంట్లు నావే

పండ్ల పరిశోధన కేంద్రంలో ఇరవై ఏడేళ్ళుగా టైపు కొడుతున్నవాడికి పండ్ల గురించి తెలియనిది ఏముంటుంది చెప్పండి, రుచి తప్ప? రుచి చూడడం పెద్దల పని. వాళ్ళు నాలుగు ముక్కలు తిని, మూతి తుడుచుకుని, "తీపి మధ్యస్థం" అంటారు. నేను టైపు కొడతాను.

ప్రతి ఏడూ మా కేంద్రం కొత్త రకాల పట్టిక ఒకటి అచ్చు వేస్తుంది. మొదటి గడిలో రకం పేరు, రెండో గడిలో తల్లి చెట్టు, మూడో గడిలో తండ్రి చెట్టు, నాలుగో గడిలో రూపకర్త, అంటే ఆ రకాన్ని పుట్టించినవాడి పేరు, ఐదో గడిలో గుణగణాలు. ఆ నాలుగో గడిలో నేను ఎంతమంది పేర్లు కొట్టానో లెక్కలేదు. ఒక ఏడాది ఒక అధికారి బావమరిది పేరు కూడా కొట్టాను. ఆయన సపోటాను చూసి బంగాళాదుంప అనుకున్న మనిషి. నా పేరు మాత్రం కాగితం అడుగున, "టైపు" అనే మాట పక్కన ఉంటుంది. అది కూడా పొడి అక్షరాల్లో.

ఐదేళ్ళ కిందట పూతకాలంలో, రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్ళ పైన ఉందనగా, నాకు రోషం వచ్చింది. దిగిపోయేలోగా ఒక్కసారి ఆ నాలుగో గడిలోకి ఎక్కాలి. నా పేరు, నిండుగా, ఇంటిపేరుతో సహా అక్కడ పడాలి. జీవితంలో ఇంకేమీ అడగను అనుకున్నాను.

ముందుగా మా డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన్ని మేం చాటుగా పుప్పొడిగారు అంటాం. మొక్కలకు సంకరం చేయడంలో పెద్ద చదువు చదివారు గానీ, పాపం, పుప్పొడి పడదు. పూతకాలంలో తోట గేటు దగ్గరే మొదలయ్యే తుమ్ములు మళ్ళీ గేటు దగ్గరే ఆగుతాయి. అందుకని ఆయన పరిశోధన అంతా కిటికీలోంచి చేస్తారు.

"మామిడిని సంకరం చేయడమంటే అచ్చుతప్పు దిద్దడం కాదయ్యా," అన్నారాయన. "ఇంతమందిమి ఇన్నేళ్ళుగా తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఏటా కాసే తియ్యటి రకం ఒక్కటీ రాలేదు."

"మరి పట్టికలో పడ్డవన్నీ ఏమిటి సార్?" అని అడగబోయాను. జీతం గుర్తొచ్చి ఆగిపోయాను.

నా ధీమా అంతా మా పెరటి మీద. మా పెరట్లో ఒక మామిడి చెట్టుంది. మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా ఆవిడ టెంక పాతితే వచ్చిన చెట్టు. ఏటా కొమ్మలు విరిగేలా కాస్తుంది. కానీ పులుపంటే పులుపు కాదు. ఒక ముక్క తింటే ఒక కన్ను మూసుకుపోతుంది, రెండో ముక్కకు రెండోది. మూడో ముక్క తిన్నవాళ్ళెవరూ లేరు.

పక్కింట్లో రిటైరైన హెడ్మాస్టరుగారుంటారు. గోడ మీద తల తప్ప ఆయన మిగతా భాగం ఎవరికీ పెద్దగా తెలియదు గనక గోడ మాస్టారంటాం. ఆయన చెట్టు కాయ తేనె. కాకపోతే ఏడాది విడిచి ఏడాది, అది కూడా దయతలచి పదో పన్నెండో ఇస్తుంది. ఆ చెట్టు తీపి, మా చెట్టు కాపు కలిస్తే ఇంకేం కావాలి?

ఒక ఆదివారం పొద్దున్నే నిచ్చెన తెచ్చి చెట్టుకు ఆనించాను. మా ఆవిడ బయటికొచ్చింది. ఆవిడ ఆసుపత్రి లాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సూది గుచ్చిన సంగతి రోగికి తెలిసేలోగా దూది పెట్టేస్తుందని ఆవిడకు పేరు. ఇంట్లో మాత్రం తెలిసేలాగే గుచ్చుతుంది.

"ఏమిటా ఎక్కడం?"

"నీ చెట్టుకు సంబంధం చూశాను. పక్కింటి మాస్టారి చెట్టు."

"పిల్లాడేం చేస్తుంటాడు?"

"ఏడాది విడిచి ఏడాది కాస్తాడు."

"అంటే ఏడాది ఉద్యోగం, ఏడాది సెలవు. మీ ఆఫీసువాడేగా?"

"నవ్వకు. పుట్టే పిల్లలకు నీ చెట్టు కష్టపడే గుణం, వాళ్ళ చెట్టు తీపి వస్తాయి."

"తిరగబడితేనో? మా చెట్టు పులుపు, వాళ్ళ చెట్టు బద్ధకం వస్తే?"

"శాస్త్రంలో అలా జరగదు."

"మన పెళ్ళి చూపుల్లో మీవాళ్ళు కూడా ఇంత ధైర్యంగానే చెప్పారు," అని లోపలికి వెళ్ళింది.

మామిడి పువ్వు ఎంతుంటుందో తెలుసా? ఆవగింజ కాస్త ఒళ్ళు చేసినంత. అది విచ్చుకునేలోపే అందులోని పుప్పొడి తిత్తిని పట్టకారుతో తీసెయ్యాలి. తరవాత మాస్టారి చెట్టు పువ్వు తెచ్చి దీనికి రాయాలి. రాసిన గుత్తికి సంచి కట్టి, దారంతో బిగించాలి. ఇదంతా నిచ్చెన మీద, ఒక చేత్తో, ఎండ ఎక్కేలోపు చేయాలి. రెండో చెయ్యి చీమల కోసం. సంచులకు నా పాత బనీన్లు చింపాను. చెట్టంతా బనీన్లు కట్టుకుని నిలబడితే గోడ మాస్టారు తల పైకెత్తి, "ఉతికిన బట్టలు ఎండలో వెయ్యాలి గానీ నీడలో వెయ్యకూడదు నాయనా," అన్నారు.

"ఏ సంచి ఏ రోజు కట్టారో లేబుల్ వెయ్యరా?" అంది మా ఆవిడ. లేబుల్ లేని సీసా కనబడితే చెత్తబుట్టలో పడేసే మనిషి ఆవిడ.

"అక్కర్లేదు. నాకు గుర్తుంటుంది."

"పెళ్ళిరోజు గుర్తున్నట్టా?"

జవాబు చెప్పేలోగా గండుచీమ ఒకటి కంటి రెప్ప మీద కుట్టింది. రెండు రోజులు ఒంటికన్ను మనిషినై మంచం మీద పడుకున్నాను. ఆ రెండు రోజులూ డ్యూటీకి వెళ్ళేముందు తను చూస్తానంది. "పువ్వు ముట్టుకోకు, చీమల్ని తోలితే చాలు," అని మంచం మీంచే ఆజ్ఞాపించాను. శాస్త్రవేత్త ఆజ్ఞ అది.

మూడు వారాల్లో నాలుగు వందల పువ్వులు రాశాను. ఇరవై మూడు పిందెలు నిలిచాయి. గాలికి పదిహేడు పోయాయి. మిగిలిన ఆరు కాయల్లో ఒకటి ఉడతకు నచ్చింది. ఐదు టెంకలు పాతితే ఐదూ మొలిచాయి. నాలుగు ఏపుగా పెరిగాయి. ఐదోది బొటనవేలంత ఎదిగి, అక్కడే ఆలోచనలో పడింది. దాన్ని గోలెంతో సహా నీళ్ళ ట్యాంకు వెనక్కి తోసేశాను.

మొలకను దాని మానాన వదిలేస్తే కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అప్పటికి నేను రిటైరై, కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్‌తో కబుర్లు చెప్పుకుంటూ ఉంటాను. దానికి ఒక దగ్గరదారి ఉంది. ఆ మొలక చివర కోసి, కాపు కాసే పెద్ద చెట్టు కొమ్మకు అంటు కడితే రెండు మూడేళ్ళలోనే పూత వస్తుంది. పెద్ద చెట్టంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే. అది ఆవిడది.

మరుసటి ఏడాది ఒక ఆదివారం, కత్తి వెనక దాచుకుని అడిగాను.

"నా చెట్టు మీద కత్తి పడాలంటే ఒక షరతు," అంది.

"వంద చెప్పు."

"ఒక్కటి చాలు. ఆ చెట్టు మీద మీ అంటు ఒక్కటైనా బతికున్నంత కాలం ఇంట్లో అంట్లు మీవి."

నాకు నవ్వొచ్చింది. నేను కట్టిన అంట్లు నావి కాక ఎవరివి? పుప్పొడిగారివా? ఆవిడే నోరారా ఒప్పుకుంటోంది, రేపు నాలుగో గడి దగ్గర పేచీ రాదు అనుకున్నాను. మాట మీద నమ్మకం ఏమిటని ఆ ముక్కను స్వయంగా టైపు కొట్టాను, మూడు ప్రతులు. "ఇంట్లో" తరవాత కామా కూడా పెట్టి అందంగా దిద్దాను. సాక్షి సంతకానికి గోడ మాస్టారి దగ్గరికి పట్టుకెళితే ఆయన చదివారు, మళ్ళీ చదివారు, దగ్గొచ్చినట్టు గోడ వెనక్కి వంగిపోయారు. కాసేపటికి తలా, సంతకమూ పైకొచ్చాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చెయ్యి కడుక్కుని పడక్కుర్చీలో వాలబోతుంటే మా ఆవిడ పిలిచింది. తొట్టి నిండా గిన్నెలు, పళ్ళేలు, అడుగంటిన పాలగిన్నె.

"ఏమిటివి?"

"అంట్లు."

"ఎవరివి?"

ఆవిడ కాగితం మూడో ప్రతి చూపించింది. కామాతో సహా చదివాను.

"నేను చెట్టు మీది అంట్లు అనుకున్నాను!"

"చెట్టు మీదివి బతికున్నంత కాలం, ఇంట్లోవి మీవి. టైపు కొట్టింది మీరే. పీచు అక్కడుంది."

అలా నేను కట్టినవి నాలుగంట్లు, తోమినవి లెక్కలేనన్ని. కట్టడానికైనా మంచి చెయ్యి పడిందా అంటే, కూరగాయల కత్తితో కోసి, పోస్టులో పార్సిలు కట్టినట్టు ప్లాస్టిక్ పట్టీతో బిగించాను. మా కేంద్రంలో అంట్లు కట్టే ముసలాయన ఒకాయన ఉన్నాడు. ఎండుపుల్ల కట్టినా చిగురేస్తుందని ఆయన్ని హస్తవాసి తాత అంటాం. నలభై ఏళ్ళలో లక్ష అంట్లు కట్టి ఉంటాడు, ఏ గడిలోనూ పేరు లేదు. ఒకసారి ఇటు వచ్చి చూసి, "కట్టు మరీ బిగిసినట్టుంది బాబూ, ఊపిరాడదేమో," అన్నాడు.

"పైనుంచి కిందిదాకా శాస్త్రప్రకారం కట్టాను తాతా," అన్నాను.

అప్పట్నుంచి నా బతుకు రెండు ముక్కలైంది. పొద్దున చెట్టు దగ్గర నిలబడి, దేవుడా, ఈ అంట్లు బతకాలి అని దణ్ణం పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం తొట్టి దగ్గర నిలబడితే, ఒకటి రెండు పోయినా నష్టం లేదులే అనిపించేది. ఈ రెండో ప్రార్థన తొందరగా ఫలించింది. నెల తిరక్కుండానే రెండు అంట్లు నల్లబడి రాలిపోయాయి. మూడోది వడిలింది. నాలుగోది ఎటూ తేల్చుకోలేక ఊగుతోంది.

సరిగ్గా అప్పుడే కొత్త కంప్యూటరు నేర్చుకు రమ్మని నన్ను నెల రోజులు వేరే ఊరు పంపారు. అక్కడ రోజూ ఫోను చేసేవాణ్ణి. "ఎలా ఉంది?" అంటే, "నాకు బాగానే ఉంది," అనేది. "నీ సంగతి కాదు, అంటు సంగతి," అంటే, ఫోను పెట్టేసేది.

తిరిగొచ్చేసరికి, ఆహా! మూడు పోయాయి గానీ నాలుగోది నిలబడింది. నిలబడడమేమిటి, రాగిరంగు చిగుళ్ళు రెండు వేసింది. నేను నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. అంత ఆనందం మొదటి జీతానికి కూడా కలగలేదు. మర్నాడు కేంద్రానికి వెళ్ళి హస్తవాసి తాతను పట్టుకుని, కోత ఏ వాలులో పెట్టాలి, కట్టు ఎంత బిగించాలి అని అరగంట పాఠం చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, శ్రద్ధగా విని, "అలాగే బాబూ, ఇక మీద అలాగే కడతాను," అన్నాడు. పెద్దవాళ్ళలో ఉండే వినయం ఇప్పటి వాళ్ళలో ఉండదు.

అంటు బతికింది. అంట్లూ బతికాయి. రెండేళ్ళు తోమాను. మూడో వేసవికి పూత, పూతకు కాత, తొమ్మిది కాయలు. మరుసటి ఏడాది, అంటే మొన్న, విరామం లేకుండా మళ్ళీ ముప్పై నాలుగు. కోసి తింటే రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. గోడ మాస్టారు ఒక ముక్క తిని, జీవితంలో మొదటిసారి గోడ దాటి గేటు గుండా లోపలికి వచ్చారు.

పుప్పొడిగారికి కబురు పెట్టాను. పూతకాలం కాదు గనక ధైర్యంగా వచ్చారు. పెరట్లో బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, ఐదు పండ్లు పెట్టాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. రిటైర్మెంటుకు ఇంకా నెలరోజులుంది. నాలుగో గడిలో నా పేరు ఏ అక్షరాల్లో బాగుంటుందో అప్పటికే నాలుగు రకాలుగా కొట్టి చూసుకున్నాను.

ఆయన ఒక ముక్క తిన్నారు. రెండోది తిన్నారు. మూడో ముక్కకు, మళ్ళీ గేటు గుండా వచ్చి కూర్చున్న గోడ మాస్టారు చెయ్యి చాపితే పళ్ళెం తన వైపు జరుపుకున్నారు.

"అద్భుతమయ్యా," అన్నారు చివరికి. "ఈ అంటు కట్టిందెవరు?"

"నేనే సార్. నాలుగేళ్ళ కిందట, మార్చి రెండో ఆదివారం."

ఆయన కొమ్మ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి భూతద్దం తీసి, అతుకు చూశారు. తరవాత అదే భూతద్దంతో నన్ను చూశారు.

"నీ పార్సిలు కట్లు ఆఫీసులో రోజూ చూస్తున్నాను. ఇంత శుభ్రమైన అతుకు నీది కాదు. నిజం చెప్పు, మన తాతతో కట్టించావా?"

"ప్రమాణపూర్తిగా నాదే సార్!"

"నాదండీ," అంది మా ఆవిడ వెనక నుంచి.

అందరం తిరిగి చూశాం. ఆవిడ చేతిలో లాబు నోటుపుస్తకం. వేలితో వరస పట్టి చదవడం మొదలెట్టింది, రిపోర్టు ఇస్తున్నట్టు.

"ఈయన ఊరెళ్ళిన మూడో రోజుకు మిగిలిన రెండు అంట్లూ ఎండిపోయాయి. తాతగారు షుగరు పరీక్షకు మా లాబుకు వస్తుంటారు. ఆయన్ని అడిగి నేర్చుకున్నాను. ట్యాంకు వెనక పారేసిన ఐదో మొక్క కోలుకుంది. దాని చివర కోసి, ఎండిన నాలుగో అంటు తీసేసి, ఐదో రోజు పొద్దున ఏడూ ఇరవైకి ఇదే కొమ్మకు నేను కట్టాను."

నాకు తాతకు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. అయినా మునిగేవాడు గడ్డిపోచను వదలడు కదా.

"కట్టింది ఎవరైతేనేం సార్? సంకరం నాది. నాలుగు వందల పువ్వులు నేను రాశాను."

"రాశారు," అంది మా ఆవిడ. "మీ సంచులకు తెల్లదారం. కంటికి చీమ కుట్టి మీరు పడుకున్న రెండు రోజుల్లో నేను ముప్పై ఆరు పువ్వులు రాసి, నీలం దారం కట్టాను. చివరిదాకా నిలిచిన ఆరు కాయలూ నీలం దారం గుత్తులవే. తెల్లదారానికి ఒక్కటీ నిలవలేదు."

"పువ్వు ముట్టుకోవద్దన్నానా!"

"అన్నారు. చీమలు వినలేదు, నేనూ వినలేదు."

పుప్పొడిగారు నోటుపుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. తేదీ, గంట, గుత్తి, దారం, ఎండ, గాలి. "మా కేంద్రంలో ఇలాంటి పుస్తకం ఒక్కటుంటే..." అని, ఎందుకో ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నేను మా ఆవిడను పక్కకు పిలిచాను.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"అంటు పోయిందని చెబితే అంట్లు నాకొస్తాయిగా," అంది. తరవాత గొంతు తగ్గించింది. "పొద్దున్నే లేచి అంత హుషారుగా నిచ్చెన ఎక్కే మనిషిని పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూశాను. దిగమనడానికి నోరు రాలేదు."

నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది. నాలుగో గడి నా కళ్ళ ముందే మూసుకుపోతోందని బాధేసింది. ఆ బాధ కింద ఎక్కడో, ఇంతటి మనిషి నా భార్య అని గర్వం కూడా వేసింది. అది మాత్రం ఆవిడకు చెప్పలేదు. చెబితే తేదీ వేసి రాసుకుంటుంది.

పుప్పొడిగారు బల్ల దగ్గర కూర్చుని ఫారం తీశారు. "రూపకర్త గడిలో మీ పేరేనమ్మా. ఇంటిపేరుతో సహా చెప్పండి." చెప్పింది. రాసుకున్నారు. నేను చెట్టు వైపు తిరిగి నిలబడ్డాను.

"రకానికి ఏం పేరు పెట్టమంటారు?"

మా ఆవిడ నా వైపు చూసింది. "మా ఆయన," అంది.

నాలుగో గడి పోతేపోయింది, మొదటి గడే దొరికింది! చొక్కా సర్దుకుని, "నా పూర్తి పేరు రాసుకోండి సార్," అని ముందుకు నడిచాను.

"మీ పేరు కాదు," అంది మా ఆవిడ. "పండు పేరే 'మా ఆయన'."

"అదేం పేరు?"

"మీ పేరు పెడితే ఎవరు కొంటారు? 'మా ఆయన' అంటే ప్రతి ఇల్లాలూ ఒకసారి కోసి లోపలేముందో చూద్దామనుకుంటుంది."

గోడ మాస్టారికి మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి దాక్కోవడానికి గోడ లేదు. పుప్పొడిగారు రాసేశారు.

నిన్న ఆ పట్టిక నా బల్ల మీదికి వచ్చింది. రిటైరయ్యేలోగా నేను కొట్టే చివరి పట్టిక అది. మొదటి గడిలో "మా ఆయన" అని కొట్టాను. తల్లి చెట్టు, తండ్రి చెట్టు కొట్టాను. నాలుగో గడిలో మా ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా, నిండుగా కొట్టాను. ఆ గడిలో అంత ఇష్టంగా నేనెప్పుడూ ఒక పేరు కొట్టలేదు. ఐదో గడిలో గుణగణాలు. పుప్పొడిగారి బృందం వారం రోజులు కొలిచి, తూచి, పరీక్షించి పంపిన వివరాలవి. ఆయన పక్కనే నిలబడి చదువుతుంటే నేను కొడుతూ పోయాను.

"మా ఆయన. తొక్క మందం. టెంక పెద్దది. ఎండకు, చీమలకు తట్టుకోలేదు. పక్కన మరో చెట్టు తోడు లేనిదే కాయదు. చూపుకు సామాన్యం. పండడానికి ఎక్కువ కాలం పడుతుంది. పండిన తరవాత తియ్యగా ఉంటుంది."

కొట్టి, అలవాటు ప్రకారం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు సరిచూశాను. ఒక్క తప్పూ లేదు.